పాటకు పలకే వ్యాకరణం

జానపద గేయసంకలనాలలో పాట మాటలను అచ్చువేసి, వాద్యాన్ని పీఠికలో ఒక్క వాక్యంతో సరిపెట్టడం మనకు అలవాటు. అచ్చులో గణభంగంగా కనిపించే చోట వాద్యపు దరువు ఆ మాత్రలను పూరిస్తుందన్నది మరుస్తాం.

అమెరికాలోని జార్జియా తీరంలో అమీలియా డాలీ అనే నల్లజాతి స్త్రీ పాటను భాషాశాస్త్రవేత్త లొరెంజో టర్నర్ 1930లలో రికార్డు చేశారు. దాని భాష పశ్చిమాఫ్రికాలోని మెండే. తరువాత పరిశోధకులు సియెర్రా లియోన్ గ్రామంలో దాని జతపాటను కనుగొన్నారు. అక్కడది అంత్యక్రియల పాట; జార్జియాలో పిల్లల ఆటపాట. మాటలు మిగిలాయి, సందర్భం జారిపోయింది.

కోలారు సీమలో ప్రమాదం ఇందుకు భిన్నమైనది. చెక్క చట్రానికి తోలు బిగించి, నిప్పుసెగకు కాచి, రెండు పుల్లలతో వాయించే తమటెను మనం పలక, డప్పు అంటాం. బంగారు గనుల తమిళులకు అది పరై. చావుకూ జాతరకూ దళితులు వెట్టిగా వాయించిన ఈ వాద్యం ఉద్యమాలతో ఆత్మగౌరవ చిహ్నమయింది. 2023లో తమటె కళాకారుడు మునివెంకటప్పకు పద్మశ్రీ లభించింది. ఆయన చిక్కబళ్ళాపుర జిల్లావారు. 2007 వరకు అది కోలారులో భాగమే.

వాద్యానికి గౌరవం దక్కింది. దానితో పాడే తెలుగు మాటల సంగతేమిటి? కన్నడ లిపిలో చదువుకున్నవారికి ఇంటి తెలుగు చెవి ద్వారానే అందుతుంది.

కనుక పాట సేకరించే విద్యార్థులు దరువు ఎక్కడ ఆగిందో, ఏ అక్షరం సాగిందో, ఏ సందర్భంలో పాడారో కూడా రాసుకోవాలి. అర్థంలేని ఊతపదాలను కొట్టివేయరాదు. పలకను వదిలి రాసుకున్నది సగం పాటే.