నేనెవరో చెప్పుకో అనొద్దు

మతి తప్పిన పెద్దవాళ్లని చూడ్డానికి వచ్చిన చుట్టాలు కూర్చోగానే అడిగేది ఒకటే: "నేనెవరో చెప్పుకో చూద్దాం?" ప్రేమతోనే అడుగుతారు. ఆ మాటకి మా అత్త బెదురుగా నవ్వుతుంది, కొంగు నలుపుకుంటుంది, నా మొహంలోకి చూస్తుంది. అల్జీమర్స్ మనిషిని చూసుకునేవాళ్లు ముందు మానాల్సింది ఈ పరీక్ష పెట్టడమే. "నేను మీ పామూరు తమ్ముడి కొడుకుని అత్తా" అని మనమే చెప్పేస్తే ఆమెకి ఎంత ఊరటో!

పొద్దుగూకితే కంగారు ఎక్కువవుతుంది. "అమ్మాయ్, ఇంటికి పోవాల, బర్రెలకి పాలు పిండే ఏళయింది" అంటూ గడప దాటబోతుంది. ఆ బర్రెలూ లేవు, ఆ కొట్టమూ లేదు. ఆ మాట అంటే ఏడుపు, గొడవ. "పోదాంలే అత్తా, ఈ కందిపప్పు ఏరేసి పోదాం" అని చేట ఒళ్లో పెడితే వేళ్లు రాళ్లని వెతుక్కుంటాయి, మనసు కుదుటపడుతుంది. ఈ జబ్బు కొత్త జ్ఞాపకాలు దాచుకునే మెదడు భాగాన్ని ముందు తినేస్తుంది. చేతులకి అలవాటైన పని మాత్రం చాలాకాలం నిలుస్తుంది.

మా కనిగిరి వైపు ఇంకో సంగతి గమనించాలి. ఫ్లోరైడ్ నీళ్లు తాగి కీళ్లు, నడుము బిగుసుకుపోయినవాళ్లు ఇక్కడ ఎందరో. మతి సరిగా లేని మనిషి నొప్పి అని చెప్పలేదు. స్నానానికి రమ్మంటే తిడుతుంది, చెయ్యెత్తమంటే కొడుతుంది. అది మొండితనం అనుకునే ముందు ఎక్కడ నొప్పో చూడండి. ఉన్నట్టుండి ఒకటి రెండు రోజుల్లో తిక్క ఎక్కువైతే మూత్రంలో ఇన్‌ఫెక్షనో, ఎండకి ఒంట్లో నీళ్లు తగ్గడమో కావచ్చు. అప్పుడు ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

అసలు మొదట్లోనే "వయసు చాదస్తంలే" అని వదిలేయడం నాకు నచ్చదు. బీ12 తగ్గినా, థైరాయిడ్ తేడా చేసినా, మనోవ్యాధి పట్టుకున్నా ఇలాంటి మరుపే వస్తుంది, వాటికి మందులున్నాయి. అల్జీమర్స్‌కి డోనెపెజిల్ లాంటి మాత్రలు కొందరికి కొంతకాలం ఆసరా ఇస్తాయి, జబ్బుని మాత్రం ఆపవు. 2023లో అమెరికా పూర్తి అనుమతి ఇచ్చిన లెకానెమాబ్ ఇంజెక్షన్ కూడా తొలిదశ వాళ్లకే. హైదరాబాదు నిమ్స్‌లో డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం 648 మంది రోగుల వివరాలు పరిశీలించి 2013లో ఒక మంచి సంగతి చెప్పింది: ఒక్క భాషే వచ్చినవాళ్లకన్నా రెండు భాషలు మాట్లాడేవాళ్లలో డిమెన్షియా నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలైంది, చదువు రానివాళ్లలోనూ ఈ తేడా కనిపించింది. ఇంట్లో తెలుగు, బజార్లో ఉర్దూ మాట్లాడే మన పెద్దవాళ్లతో మాటలు తగ్గించకండి.

ఈ జబ్బులో నలిగిపోయేది ఇంకో మనిషి కూడా. అర్ధరాత్రి తలుపు గొళ్లెం చప్పుడైతే లేచేది కోడలో, పెళ్లి కాని కూతురో. నెలల తరబడి నిద్ర లేకపోతే ఎంత ప్రేమున్నా నోరు జారుతుంది. బెంగళూరులో, హైదరాబాదులో ఉన్న అన్నదమ్ములకి నాదొక్కటే మనవి. డబ్బు పంపుతున్నారు, సంతోషం. నెలకి నాలుగు రోజులు మీరే వచ్చి అమ్మ మంచం పక్కన పడుకోండి, చూసుకునే మనిషిని వేరే ఇంట్లో కంటినిండా నిద్రపోనివ్వండి. ఏం చేయాలో తోచనప్పుడు పెద్దవాళ్ల కోసం ప్రభుత్వం పెట్టిన 14567 నంబరుకి ఫోన్ చేయండి.