పెద్దింటి పావురం

మిలాన్ నగరంలో పాత మేడల వీధి గుమ్మం పక్కన ఒక ఇత్తడి పలక కనిపిస్తుంది. దాని మీద వరసగా బొత్తాలు, ఒక్కో బొత్తం పక్కన ఒక ఇంటిపేరు. మనం ఫ్లాటు నంబరు వెతుకుతాం. అక్కడివాళ్ళు ఇంటిపేరు వెతికి బొత్తం నొక్కుతారు. రోస్సి, ఫెరారి, బ్రాంబిల్లా, ఫుమగల్లి అని చదువుకుంటూ పోతే ఎక్కడో ఒకచోట కొలంబో తగులుతుంది. మిలాన్, కోమో, లెక్కో ప్రాంతాల్లో అది మన రెడ్డి, రావులంత మామూలు పేరు. అంత మామూలు పేరు కనుకే దాని లోపల ఏముందో చూడాలనిపిస్తుంది.

ముందుగా ఒక పొరపాటు తీసేద్దాం. కొలంబో అనగానే మనకు శ్రీలంక, అక్కడి క్రికెట్ మైదానం గుర్తొస్తాయి. ఆ ఊరికీ ఈ ఇంటిపేరుకూ చుట్టరికం లేదు. 1344లో ఆ రేవుకు వెళ్ళిన ఇబన్ బతూతా దాన్ని కలన్‌బూ అని రాసుకున్నాడు. సింహళంలో అది కొళంబ. కొలంబస్ పేరు మీద వచ్చిందీ కాదు: ఆ సముద్రయాత్రికుడు పుట్టింది 1451లో. తర్వాత వచ్చిన పోర్చుగీసుల నోట్లో ఆ ఊరిపేరు తమకు అలవాటైన కొలంబోగా స్థిరపడింది, అంతే.

ఇటాలియన్‌లో కొలంబో అంటే మగ పావురం. ఆడ పావురం కొలంబా. ఈస్టర్ పండక్కి మిలాన్ బేకరీల్లో రెక్కలు చాపిన పావురం ఆకారంలో చేసే తీపి రొట్టెను కూడా కొలంబా అనే పిలుస్తారు. పక్షి పేరు ఇంటిపేరు కావడం మనకు వింత కాదు. మహా బలశాలిగా పేరుపొందిన కోడి రామ్మూర్తి నాయుడు గారి ఇంటిపేరు కోడి. కాకి, పిచ్చుక అనే ఇంటిపేర్లూ మన ఊళ్ళలో ఉన్నాయి. అంతమాత్రాన ఆ కుటుంబాల మూలపురుషుడు కోళ్ళు పెంచాడనో, కాకుల్ని మేపాడనో తేల్చేయలేం. ఇంటిపేరుకు అర్థం నిఘంటువులో దొరుకుతుంది. ఆ పేరు ఎందుకు వచ్చిందో మాత్రం కుటుంబం వెనక్కి నడిచి వెళ్తేనే దొరుకుతుంది.

కొలంబో దగ్గర అలా వెనక్కి నడిస్తే దారి చాలా పాయలుగా చీలుతుంది. తొలినాళ్ళ క్రైస్తవుల్లో కొలంబో, కొలంబా అనేవి బారసాలలో పెట్టే సొంత పేర్లు. పావురం వాళ్ళకు పవిత్రాత్మకు గుర్తు. ఐర్లండు నుంచి వచ్చి 614 ప్రాంతంలో ఉత్తర ఇటలీలోని బొబ్బియోలో మఠం కట్టిన సన్యాసి పేరు కొలంబానో. ఆ మూలం నుంచే వచ్చిన పేరది. తాతకు కొలంబో అని పేరుంటే, మనవల్ని ఊరివాళ్ళు కొలంబో పిల్లలు అనేవాళ్ళు. అదే నిలిచిపోయింది. మరికొందరికి అది పావురాల గూళ్ళు కట్టి, పెంచి, అమ్మిన వృత్తి వల్ల అబ్బింది. ఇంకొందరికి మనిషి నెమ్మదితనం చూసి ఊరు పెట్టిన ముద్దుపేరు. ఇరుగుపొరుగు మనిషిని ఎలా పిలిచారో అదే ఇంటిపేరైంది. 1563లో ముగిసిన ట్రెంట్ మహాసభ ప్రతి చర్చీలోనూ పెళ్ళిళ్ళు, జ్ఞానస్నానాలు పుస్తకంలో రాయాలని నిర్బంధించాక, నోట్లో తిరుగుతున్న ఆ పిలుపులు సిరాలో గడ్డకట్టాయి.

ఇటలీ ఇంటిపేర్ల చివరి అచ్చుల్లో ఒక పనితనం ఉంది. టస్కనీ వైపు పేర్లు ఎక్కువగా ‘ఇ’తో ముగుస్తాయి. అది బహువచనం. మనం ఇంద్రగంటి వారు, వేదం వారు అన్నట్టే రోస్సి అంటే ఎర్రవాళ్ళు, ఫెరారి అంటే కమ్మరివాళ్ళు. దక్షిణాదిలో అదే ఎర్రన్న ఏకవచనంలో రుస్సో అవుతాడు. పావురం కూడా ఇలాగే వేషాలు మారుస్తుంది: కొలంబి అంటే పావురాలవాళ్ళు, కొలంబీని అంటే చిన్న పావురాలవాళ్ళు, కొలంబారి అంటే పావురాల్ని పెంచేవాళ్ళు. నేపుల్స్‌కు, ఇంకా దిగువకు పోతే అడవి పావురానికి లాటిన్‌లో ఉన్న మరో మాట నుంచి పలుంబో అనే ఇంటిపేరు పుట్టింది. ఒక్క పిట్ట పేరు చివర ఏ అచ్చు ఉందో విని, ఆ కుటుంబం ఏ దిక్కునుంచి వచ్చిందో ఊహించవచ్చు. ఊహ మాత్రమే సుమా.

ఇంతవరకూ చెప్పింది యూరప్‌లో ఏ ఇంటిపేరుకైనా దొరికే కథే. నన్ను కట్టిపడేసింది మరొక పాయ.

1456లో మిలాన్ పాలకుడు ఫ్రాంచెస్కో స్ఫోర్జా, అతని భార్య బియాంకా మారియా విస్కొంతి నగరంలో ఒక మహా ఆసుపత్రికి పునాది వేశారు. ఫ్లోరెన్స్ నుంచి వచ్చిన శిల్పి ఫిలరేతె దాని నక్షా గీశాడు. పేరుకు అది ఓస్పెదాలె మజ్జోరె, పెద్దాసుపత్రి. మిలాన్ జనం మాత్రం తమ యాసలో కా గ్రాండా అన్నారు. అంటే పెద్దిల్లు. మేరీమాతకు దేవదూత శుభవార్త చెప్పిన ఘట్టానికి అంకితమైన ఆసుపత్రి కనుక దాని ముద్ర మీద పవిత్రాత్మ పావురం వెలసింది.

తల్లిదండ్రులు వదిలేసిన పసిపిల్లల్ని సాకే బాధ్యత కూడా ఆ పెద్దింటిదే. ఆ పిల్లలకు పుస్తకంలో ఏదో ఒక ఇంటిపేరు రాయాలి. తండ్రి తెలియడు, ఊరు తెలియదు. గుమాస్తాలు ముద్ర మీది పావురాన్ని తీసి పేరు పక్కన పెట్టారు. 19వ శతాబ్దం తొలి పాదం వరకు, తరం తర్వాత తరం, మిలాన్‌లో దొరికిన పిల్లలు కొలంబో అయ్యారు. లొంబార్డీలో ఈ పేరు ఇంత విరివిగా ఉండటానికి ఇదొక పెద్ద కారణం.

మన భాషలో ‘ఇంటిపేరు’ అన్న మాటను ఇక్కడ ఒకసారి ఆగి చూడండి. ఇటాలియన్‌లో దాన్ని కొన్యోమె అంటారు. పేరుతో పాటు ఉండే పేరు అని దాని లాటిన్ మూలం. అందులో ఇల్లు లేదు. మన మాటలోనే ఇల్లుంది. ఇల్లు లేని బిడ్డకు పెద్దిల్లనే ఆసుపత్రి తన ముద్ర మీది గుర్తునే ఇచ్చింది. మన మాటలో చెబితే అదే అసలైన ఇంటిపేరు. దీన్ని ఏ ఇటలీ నిఘంటువూ ఇలా చెప్పలేదు, చెప్పాల్సిన అవసరమూ వాళ్ళకు లేదు. తెలుగులో ఆలోచిస్తే మాత్రం దానంతటదే తడుతుంది.

ఇదే పని వేరే ఊళ్ళు వేరేగా చేశాయి. నేపుల్స్‌లో అనున్‌త్సియాతా ఆశ్రమం గోడలో చెక్కతో చేసిన గుండ్రని తిరుగుడు పెట్టె ఉండేది. వీధివైపు బిడ్డను అందులో పెట్టి తిప్పితే బిడ్డ లోపలికి చేరేది. లోపలివాళ్ళకు వదిలినవాళ్ళ ముఖం కనిపించేది కాదు. అలా వచ్చిన బిడ్డకు ఎస్పొజితో అని రాసేవారు. బయట వదిలేసిన బిడ్డ అని అర్థం. రోములో ప్రొయెత్తి అన్నారు, విసిరేసిన పిల్లలని. పెళ్ళి మాటలప్పుడు, పనికోసం వెళ్ళినప్పుడు, సంతకం పెట్టిన ప్రతిసారీ ఆ పేరు మనిషి పుట్టుకను నలుగురిలో పరిచేది. 1808 నుంచి 1815 దాకా నేపుల్స్‌ను ఏలిన నెపోలియన్ చెల్లెలి భర్త మురా ఈ పేరు పెట్టడాన్ని నిషేధించాడు. అప్పటికే లోకంలోకి వెళ్ళిన ఎస్పొజితోలు ఉండనే ఉన్నారు. నేపుల్స్‌లో ఇప్పటికీ అదే అన్నిటికంటే ఎక్కువ వినిపించే ఇంటిపేరు. 1889లో మార్గరీటా రాణి కోసం పిజ్జా చేశాడని చెప్పుకునే రఫాయెలె కూడా ఎస్పొజితోయే.

ఫ్లోరెన్స్‌లో బ్రునెల్లెస్కి కట్టిన శరణాలయం 1445లో తలుపులు తెరిచింది. అది ‘అమాయక శిశువుల’ ఆసుపత్రి. అక్కడి పిల్లలు ఇన్నొచెంతి, నొచెంతీని అయ్యారు. మన రోడ్ల మీద ఒకప్పుడు గర్వంగా తిరిగిన లాంబ్రెటా స్కూటరు ఫెర్దినాందో ఇన్నొచెంతి కంపెనీది. 1972లో ఆ స్కూటరు యంత్రాలను మన ప్రభుత్వ సంస్థ కొని లక్నోకు తెచ్చింది. ఆయన పూర్వీకుల కథ ఏదైనా, ఆ ఇంటిపేరు టస్కనీలో ఏ గోడను గుర్తు చేస్తుందో అక్కడివాళ్ళకు తెలుసు.

ఈ పేర్లన్నిట్లో నాకు మిలాన్ పద్ధతి గొప్పదనిపిస్తుంది. దానికి కారణం పావురం అందం కాదు. ఎస్పొజితో బయటపెట్టే పేరు, కొలంబో కలుపుకునే పేరు. ఆ బిడ్డలకంటే ముందే ఊళ్ళో పావురాలవాళ్ళున్నారు, కొలంబో తాత మనవలున్నారు, భూములున్న కొలంబోలున్నారు. దొరికిన బిడ్డ ఆ గుంపులో కలిసిపోవచ్చు. ఇది గుమాస్తాలు ఆలోచించి చేశారని నేననను. వాళ్ళు చూసింది ముద్రనే. పిల్లలు పెరిగేకొద్దీ, వాళ్ళ సంఖ్య వేలల్లోకి పెరిగేకొద్దీ, మిలాన్‌లో కొలంబో అన్నా కొందరు చెవులు నిక్కించారు. అందుకే ఆ అలవాటు మానేసి, ఒక్కో బిడ్డకు ఒక్కో కొత్త పేరు కల్పించడం మొదలుపెట్టారు. ఇప్పటి ఇటలీ చట్టం ఇంకా స్పష్టంగా ఉంది: తల్లిదండ్రులు తెలియని బిడ్డకు ఆ సంగతి పసిగట్టేలాంటి పేరు గానీ ఇంటిపేరు గానీ పెట్టకూడదు.

ఇక ఆ పేరును మోసినవాళ్ళు. అందరికంటే ముందు జెనోవాలో ఉన్ని నేసే దొమెనికో కొలంబో కొడుకు క్రిస్టోఫొరో. స్పెయిన్‌లో అతను కొలోన్ అయ్యాడు, ఇంగ్లీషువాళ్ళకు, మనకూ కొలంబస్. తన సంతకంలో మొదటి పేరును విడదీసి ‘క్రీస్తును మోసేవాడు’ అని వచ్చేలా రాసేవాడు. కొడుకు హెర్నాందో తండ్రి జీవితం రాస్తూ, నోవహు పావురం నీళ్ళమీదుగా ఆలివ్ రెమ్మ తెచ్చినట్టు తండ్రి సముద్రం దాటాడని ఇంటిపేరుకు భాష్యం చెప్పాడు. కొలంబస్ చేరిన దీవుల్లో జరిగిన ఘోరాలను రాసిపెట్టిన మతగురువు లాస్ కాసాస్ మాత్రం కొలోన్ అన్న రూపంలో కొత్తగా జనావాసం నెలకొల్పేవాడు అనే అర్థం చదివాడు. ఒకే పేరులో శాంతి పావురమూ ఉంది, వలస నెలకొల్పేవాడూ ఉన్నాడు. హిస్పానియోలా దీవిలోని తాయినో ప్రజలు కొన్ని దశాబ్దాల్లో దాదాపు తుడిచిపెట్టుకుపోయారు. ఆ జనానికి ఈ పావురం ఏ రెమ్మా తేలేదు. పేరు మంచిదైనంత మాత్రాన మనిషి చేసింది మంచిదైపోదు.

అయినా ఆ పేరు దేశాలకెక్కింది. కొలంబియా దేశం, అమెరికా రాజధాని ఉన్న కొలంబియా జిల్లా, పనామాలో కొలోన్ రేవు. ఆ అమెరికా జిల్లాలో మొదలైన గ్రామఫోను కంపెనీ దాని పేరే పెట్టుకుంది. మన పెద్దలు ఘంటసాల పాట వేసుకుని తిరిగేది చూస్తూ కూర్చున్న ఆ రికార్డు మీది ‘కొలంబియా’ అన్న అక్షరాలు చివరికి జెనోవాలో ఒక నేతగాడి గుమ్మం దగ్గర తేలుతాయి.

మిగిలిన కొలంబోల్లో నాకు ఇష్టుడు క్రెమోనాకు చెందిన రియల్దో. పాదువాలో మహా శరీరశాస్త్రజ్ఞుడు వెసాలియస్ ఖాళీ చేసిన పీఠం ఎక్కి, ఆయన తప్పులనే ఎత్తి చూపాడు. గుండె కుడి గది నుంచి ఎడమ గదికి రక్తం మధ్యగోడ రంధ్రాల్లోంచి కారుతుందని వెయ్యేళ్ళకు పైగా నమ్మారు. కాదు, అది ఊపిరితిత్తుల మీదుగా తిరిగి వస్తుందని 1559లో వచ్చిన అతని పుస్తకం చెప్పింది. అరబ్బు వైద్యుడు ఇబన్ అల్ నఫీస్ మూడు శతాబ్దాల ముందే ఈ మాట అన్నాడు. యూరప్‌లో మాత్రం ఇంగ్లీషు వైద్యుడు హార్వీ తన రక్తప్రసరణ సిద్ధాంతానికి ఆనుకున్న మెట్లలో రియల్దో ఒకటి.

మిలాన్ దగ్గరి లెన్యానోలో 1903లో పుట్టిన జొవాకీనో కొలంబో ఇంజిన్లు గీసేవాడు. యుద్ధం ముగిసిన 1945లో ఎన్‌జో ఫెరారి అతన్ని పిలిచి పన్నెండు సిలిండర్ల ఇంజిను కావాలన్నాడు. లీటరున్నర ఇంజిన్ని పన్నెండు భాగాలు చేస్తే ఒక్కొక్కటి దాదాపు 125 సీసీ. 1947లో ఫెరారి పేరు మీద వచ్చిన మొట్టమొదటి కారుకు ఆ అంకెనే పెట్టారు: 125 ఎస్. కమ్మరివాడి పేరున్న కారు గుండెలో పావురం పేరున్న మనిషి గీత. అదే మిలాన్‌లో 1919లో ఆంజెలో లుయీజి కొలంబో ఉక్కు గొట్టాల కర్మాగారం పెట్టాడు. అక్కడి సన్నని గొట్టాలతో కట్టిన సైకిళ్ళను పందెగాళ్ళు ఏరికోరి తొక్కారు. 1930లో పుట్టి, 1971లో సరిగ్గా తన పుట్టినరోజునే కన్నుమూసిన జో కొలంబో ప్లాస్టిక్‌తో కుర్చీలు పోతపోశాడు. అతను చేసిన చక్రాల పెట్టె, ‘బోబీ’, ఇప్పటికీ చిత్రకారుల బల్లల పక్కన దొర్లుతూ ఉంటుంది. 1970 నుంచి 1972 దాకా ఇటలీ ప్రధానిగా ఉన్న ఎమీలియో కొలంబోది మాత్రం మిలాన్ కాదు, దక్షిణాన పొతెన్‌జా. ఈ పేరున్న ప్రతి మనిషినీ పెద్దింటి గోడ దగ్గరికి చేర్చకూడదని ఆయన ఊరే హెచ్చరిస్తుంది.

కాబట్టి తన మూలం తెలుసుకోవాలనుకునే కొలంబో అడుగడుగునా వెనక్కి నడవాల్సిందే. నెపోలియన్ కాలంలో మొదలైన జనన మరణ రిజిస్టర్లు, వాటికి ముందు చర్చి పుస్తకాలు. ఎక్కడో ఒకచోట తండ్రి పేరు ఉండాల్సిన చోట ఖాళీ ఎదురైతే, ఇక ఆసుపత్రి పుస్తకాలే. అక్కడ పేరు కంటే ఎక్కువ వివరాలుంటాయి: బిడ్డ ఏ తేదీన, ఎన్ని గంటలకు వచ్చింది, ఏ బట్ట చుట్టి ఉంది, ఒంటి మీద ఏం గుర్తుంది.

గుర్తు అంటే, తల్లిదండ్రులు వదిలిన వస్తువు. మిలాన్‌లో బిడ్డను వదిలినవాళ్ళలో పెళ్ళికాని తల్లులే కాదు, పట్టుమిల్లులో పనికిపోతూ చంటిబిడ్డకు పాలివ్వలేని కాపురస్థులూ చాలామంది. నాలుగు డబ్బులు కూడాక వచ్చి తీసుకెళ్దామని వాళ్ళ ఆశ. అప్పటికి బిడ్డ ముఖం మారిపోతుంది, పేరూ మారిపోయి ఉంటుంది. అందుకని ఒక పతకాన్నో, దేవుడి బొమ్మ కాగితాన్నో కావాలని వంకరటింకరగా రెండు ముక్కలు చేసి, ఒక ముక్క బిడ్డ బట్టలో పెట్టి, రెండోది కొంగున కట్టుకుని వెళ్ళేవాళ్ళు. మిలాన్ తిరుగుడు పెట్టెను 1868లో మూసేశారు. పెద్దింటి భవనం ఇప్పుడు విశ్వవిద్యాలయం. ఆ సగం ముక్కలు చాలా మటుకు దస్తావేజుల మధ్య ఇంకా భద్రంగా ఉన్నాయి. ఎవరైనా రెండో సగం తెస్తే, గుమాస్తా రెంటినీ బల్ల మీద పెట్టి, అంచుకు అంచు ఆనించి చూసేవాడు.