పాత సామాను చేతికిచ్చే మెకానిక్

విజయవాడ ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టేవాళ్లు, రేడియేటర్లు బాగుచేసేవాళ్లు, లేత్ పనివాళ్లు వీధివీధినా కనిపిస్తారు. అంతమందిలో నమ్మి కారు అప్పగించగల మెకానిక్‌ను ఎలా పోల్చుకోవాలి? నా మటుకు నేను, బానెట్ ఎత్తకముందు అతను ఏం అడుగుతాడో చూస్తాను. చప్పుడు బండి స్టార్ట్ చేయగానే వస్తోందా, ఇంజన్ వేడెక్కాకా? బ్రేక్ తొక్కినప్పుడా, మలుపు తిప్పినప్పుడా? ఇలా అడిగేవాడికి సగం జబ్బు అప్పుడే తెలిసిపోతుంది.

1983 చివర్లో వచ్చిన మారుతి 800కి మూడే సిలిండర్లు. ఒకటి సరిగా మండకపోతే బండంతా వణుకుతుంది. పాతకాలం మేస్త్రి ఇంజన్ నడుస్తుండగానే ప్లగ్ వైర్లు ఒక్కొక్కటే లాగి చూసేవాడు. ఏ వైరు తీస్తే చప్పుడు మారదో, లోపం ఆ సిలిండర్‌లోనే. ఇప్పుడు స్కానర్ కోడ్ చూపిస్తుంది. కానీ కోడ్ కనబడగానే సెన్సర్ మార్చేయకుండా, ముందు దాని వైరింగ్ ఎక్కడైనా తెగిందేమో వెతికే ఓపిక మనిషిదే. ఆ ఓపికకే నేను దణ్ణం పెడతాను.

ఇక డబ్బు సంగతి. మంచి మెకానిక్ పని మొదలుపెట్టకముందే ఖర్చు చెబుతాడు, మధ్యలో ఇంకో లోపం బయటపడితే ఫోన్ చేస్తాడు, అరిగిపోయిన బ్రేక్ ప్యాడ్లు తెచ్చి మన చేతిలో పెడతాడు. అన్నిటికన్నా నాకు గొప్పగా తోచేది, "ఇవి ఇంకా మందంగానే ఉన్నాయి సార్, ఇప్పుడే మార్చక్కర్లేదు" అనడం. చేతికొచ్చిన సంపాదన వదులుకుని చెప్పే మాట అది. అలాంటివాళ్ల దగ్గర నేను కూలి బేరమాడను. ఊరికి కొత్తగా వచ్చినవాళ్లకు వాళ్ల షెడ్డు దారి నేనే చెబుతాను.