చల్లబరచిన కంప్యూటరు – చెప్పని ఉష్ణోగ్రత

2018 జూన్ 5వ తేదీన తైవాను రాజధాని తైపేలో, కంప్యూటెక్స్ ప్రదర్శన సందర్భమున, ఇంటెల్ సంస్థ ఒక కంప్యూటరును సభాముఖమున నడిపి చూపినది. 28 కోరులు గల దాని ప్రాసెసరు 5 గిగాహెర్ట్జ్ వేగముతో పనిచేసినది. దానిని నిర్ణీత వేగమునకు మించి పరుగెత్తించుచున్నారని గాని, అందుకై నీటిని చల్లబరచు యంత్రమొకటి తగిలించి యున్నారని గాని వేదికపై ఎవరును చెప్పలేదు. నురగ తొడుగులు చుట్టిన లావుపాటి గొట్టములను చూచి పత్రికలవారు ఆరా తీయగా సంగతి బయటపడినది. అది 1 అశ్వసామర్థ్యపు శీతలయంత్రము. సుమారు 1770 వాట్ల ఉష్ణమును తొలగించగలది. సంస్థ తరువాత ఒప్పుకొన్నది. 2019 జనవరిలో విపణికి వచ్చిన 28 కోరుల ప్రాసెసరుకు ప్రకటించిన గరిష్ఠ వేగము 4.3 గిగాహెర్ట్జ్ మాత్రమే.

దీనిని వట్టి మోసమని త్రోసివేయుట సులభము. కాని ఆ కంప్యూటరు 5 గిగాహెర్ట్జ్ వద్ద నిజముగా నడచినది. లోపమంతయు ఫలితమును చెప్పి, పరిస్థితులను దాచుటలో ఉన్నది. ఉన్నత పాఠశాల విద్యార్థి తన ప్రయోగ పుస్తకములో ఈ విధముగా వ్రాసినచో ఉపాధ్యాయుడు ఊరుకొనడు. అచ్చట అడుగవలసిన ప్రశ్నలు రెండు: నీటి ఉష్ణోగ్రత ఎంత? ఆ గదిలోని గాలి యొక్క తుషారాంకము ఎంత?

గాలిలోని నీటియావిరి మంచుబిందువులుగా మారుటకు ఆరంభించు ఉష్ణోగ్రతయే తుషారాంకము. ఐసునీరు పోసిన చెంబు వెలుపల చెమర్చుటకు కారణమిదియే. నీటిని రేడియేటరు ద్వారా ఫ్యానుగాలితో చల్లార్చు మామూలు కంప్యూటరులో ఈ బెడద లేదు. ఆ నీరు గది ఉష్ణోగ్రత కంటె దిగువకు పోజాలదు. శీతలయంత్రము ఆ హద్దును దాటును. 25 డిగ్రీల సెల్సియస్, 50 శాతము ఆర్ద్రత గల గదిలో తుషారాంకము సుమారు 14 డిగ్రీలు. అందుచేత 15 డిగ్రీల నీరు అచ్చట క్షేమము. అదే నీటిని 30 డిగ్రీలు, 80 శాతము ఆర్ద్రత గల గదిలో ప్రవహింపజేసినచో గొట్టములు కారనారంభించును. అచ్చటి తుషారాంకము 26 డిగ్రీలు.

అపాయము యంత్రము తీవ్రముగా పనిచేయునప్పుడే హెచ్చని పలువురు భావింతురు. నిజము తలక్రిందులు. పని ఉన్నంతసేపు ప్రాసెసరు వేడి ఆ చోటును కొంత కాపాడును. పని తగ్గినను చల్లని నీరు ఆగదు. ఆ చలి రాగిఫలకము నుండి ప్రాసెసరు ద్వారా సాకెట్టు పిన్నులకు, మదర్‌బోర్డు అడుగుభాగమునకు పాకును. అచ్చట చేరిన తేమ ధూళిలోని లవణములను కరిగించుకొని విద్యుత్తుకు దారి యిచ్చును. అందువలననే అనుభవజ్ఞులు సాకెట్టు చుట్టును వ్యాజిలైను వంటి పదార్థమును పూసి, గాలి చొరని నురగను రెండు ప్రక్కల అతికింతురు. నురగ పని చలిని ఆపుట మాత్రమే కాదు, తేమగాలిని చల్లని లోహమునకు తగులనీయకుండుట కూడ. ఒక్క సందు మిగిలినను చాలును.

ఇదే సంస్థ 2020లో ఇతరులతో కలిసి తెచ్చిన క్రయో పద్ధతి ఈ దృష్టితో మెచ్చదగినది. అందులో ఉష్ణవిద్యుత్ ఫలకము ప్రాసెసరును చల్లబరచును. గది ఉష్ణోగ్రతను, ఆర్ద్రతను కొలిచి తుషారాంకమును గణించి, ఫలకము అంతకు దిగకుండ నియంత్రించుదురు. తైపేలో దాచినది ఇచ్చట పరికరములోనే భాగమైనది. దాని తయారీ ప్రోత్సాహమును 2023లో విరమించినను, ఆలోచన సరియైనదే.

అయితే కోస్తాలోని వర్షాకాలపు సాయంకాలము, పై లెక్క ప్రకారము, అట్టి పరికరమునకు మిగులునది 4 డిగ్రీలే. అంతకంటె చల్లబరచవలెనన్న ముందు ఎ.సి.తో గదిగాలిని ఆరబెట్టవలెను. శీతలయంత్రము నీటి నుండి తీసిన ఉష్ణమును, తాను వాడుకొన్న విద్యుచ్ఛక్తిని కలిపి అదే గదిలోనికి విడుచును గనుక ఆ ఎ.సి. దానిని కూడ మోయవలసివచ్చును.