కరెంటు లేని చోట ఎక్స్‌రే

ఎండాకాలం మొదట్లో ఖమ్మంలో మోటారు వైండింగ్ షాపుల ముందు నుంచి వెళితే వార్నిషు వాసన ముక్కుకు తగులుతుంది. బోరు మోటారు కాలిపోయిన రైతు దాన్ని ఆటో ట్రాలీలో తెచ్చి దించుతాడు. మెకానిక్కు మాడిన రాగి తీగను కోసి లాగేసి, స్లాట్లలో కొత్త కాయితం దూర్చి, కొత్త తీగ చుట్టి, వార్నిషు పోసి ఆరబెడతాడు. ఏ మోటారుకు ఏ గేజీ, ఎన్ని చుట్లు అన్నది అతనికి కంఠతా వచ్చిన లెక్క. అలాంటివాడి చేతికి 1896 నాటి ఎక్స్‌రే యంత్రాన్ని ఇస్తే, సగం అతనికి తెలిసిన సరుకే. రెండో సగం దగ్గర ఆగిపోతాడు. ఆ రెండు సగాల గురించే ఈ వ్యాసం.

1895 నవంబరు 8న జర్మనీలోని వుర్ట్స్‌బుర్గ్‌లో విల్‌హెల్మ్ రాంట్‌గెన్ ఈ కిరణాలను గమనించినప్పుడు ఆయన బల్ల మీద ఉన్నవి మూడు: ఇండక్షన్ కాయిల్, గాలి తీసేసిన గాజు గొట్టం, బేరియం ప్లాటినోసయనైడు పూసిన అట్ట. అప్పటికే చాలా కాలేజీల ప్రయోగశాలల్లో ఉన్న సామానే ఇది. పైగా ఆయన పేటెంటు తీసుకోలేదు. దాంతో నెలలు తిరక్కుండానే ఎక్కడివాళ్లక్కడ సొంతంగా యంత్రాలు కట్టడం మొదలుపెట్టారు. కలకత్తా ప్రెసిడెన్సీ కాలేజీలో జగదీశ్ చంద్ర బోస్ కూడా ఒకటి కట్టాడు. డాక్టర్ నీలరతన్ సర్కార్ అడిగితే రోగుల విరిగిన ఎముకలను దాంతో చూసిపెట్టేవాడు. ఎక్స్‌రే ఆసుపత్రి వస్తువు కాకముందు చేతిపనివాళ్ల వస్తువు.

ముందు తెలిసిన సగం. కాయిల్ కడుపులో మెత్తని ఇనప తీగల కట్ట ఉంటుంది. ఒకే కడ్డీ పెడితే దానిలోనే కరెంటు సుళ్లు తిరిగి వృథాగా వేడెక్కుతుంది, అందుకని విడివిడి తీగలు. దాని చుట్టూ లావు రాగి తీగ కొన్ని వందల చుట్లు: ప్రైమరీ. పైన ఎబొనైటు గొట్టం తొడిగి, దాని మీద పట్టుదారం చుట్టిన సన్నని తీగను కిలోమీటర్ల కొద్దీ చుట్టాలి: సెకండరీ. పనితనమంతా ఇక్కడే. ఈ చివర నుంచి ఆ చివరకు చుట్టుకుంటూ వెళ్లి, అట్నుంచి మళ్లీ చుట్టుకుంటూ వెనక్కి వస్తే, మొదటి చుట్టు మీద ఎక్కడో చివరి చుట్టు వచ్చి కూర్చుంటుంది. ఆ రెంటి మధ్య వేల వోల్టుల తేడా. పట్టుదారం ఏం ఆపుతుంది? రవ్వ దూకి కాయిల్ లోపలే కాలిపోతుంది. అందుకని సెకండరీని పలచని బిళ్లలుగా విడివిడిగా చుట్టి, బిళ్లకూ బిళ్లకూ మధ్య మైనపు కాయితం పెట్టి, వరసగా కలిపేవారు. అలా చుడితే పక్కపక్కన ఉన్న తీగల మధ్య తేడా ఎప్పుడూ కొద్దిగానే ఉంటుంది. చివరికి మొత్తాన్ని కరిగిన పారఫిన్ మైనంలో నానబెట్టేవారు. లోపల ఒక్క గాలి బుడగ మిగిలినా మొదటి రవ్వ అక్కడే పుడుతుంది. రెండు కొనల మధ్య పది అంగుళాల దూరం రవ్వ దూకితే అది ‘పది అంగుళాల కాయిల్’. వెల కట్టడం కూడా రవ్వ పొడవును బట్టే.

బ్యాటరీ కరెంటు నిలకడగా పారితే సెకండరీలో ఏమీ పుట్టదు. అది తెగుతూ కలుస్తూ ఉండాలి. మొదట్లో ఆ పనిని పాతకాలపు కరెంటు గంటలో ఉండే సుత్తే చేసింది. తర్వాత పాదరసంతో నడిచేవి వచ్చాయి. 1899లో వేనెల్ట్ అనే జర్మన్ గంధకామ్లం నింపిన జాడీలో సన్నని ప్లాటినం మొన ముంచి, దాని చుట్టూ లేచే బుడగలతోనే కరెంటు సెకనుకు వందల సార్లు తెగేలా చేశాడు. గదిలో ఆ చప్పుడు భరించడం కష్టమయ్యేది. కాయిల్ పెట్టె అడుగున తగరపు రేకులూ మైనపు కాయితాలూ దొంతరగా పేర్చిన కండెన్సరు ఉండేది. తెగిన చోట మెరుపు సాగకుండా మింగేయడం దాని పని.

ఇక తెలియని సగం, గాజు గొట్టం. లోపల ఒక చివర పుటాకారపు అల్యూమినియం పళ్లెం, దానికి ఎదురుగా 45 డిగ్రీలు వాలిన ప్లాటినం రేకు. లండన్ కింగ్స్ కాలేజీలో హెర్బర్ట్ జాక్సన్ 1896లో ఎక్స్‌రేకు వాడిన ఏర్పాటిది. పళ్లెం నుంచి బయలుదేరిన ఎలక్ట్రాన్లు రేకు మీద ఒక్క చుక్క దగ్గర గుమిగూడి కొడతాయి. చుక్క ఎంత చిన్నదైతే ఫోటోలో ఎముక అంచు అంత తేటగా వస్తుంది. కానీ ఆ శక్తిలో నూటికి ఒక్క వంతు కూడా కిరణాలుగా మారదు. మిగతాదంతా వేడే, అందుకే ప్లాటినం ఎర్రగా కాగేది. తీగను గాజులోంచి బయటికి తీయడానికి కూడా ప్లాటినమే గతి. వేడికి అది దాదాపు గాజుతో సమానంగా వ్యాకోచిస్తుంది కాబట్టి అతుకు పగలదు.

గొట్టంలో గాలిని సుమారు పది లక్షల వంతుకు దించాలి. అందుకు వాడిన స్ప్రెంగెల్ పంపులో సన్నని నిలువు గొట్టం గుండా పాదరసం చుక్కలు చుక్కలుగా జారేది. ప్రతి చుక్కా కాస్త గాలిని తనతో కిందికి లాక్కుపోయేది. ఇది గంటల తరబడి సాగే పని. ఆ సేపంతా గాజును వేడి చేస్తూనే ఉండాలి, లేకపోతే దానికి అంటుకున్న తేమ తర్వాత తీరిగ్గా బయటపడి శూన్యాన్ని పాడుచేస్తుంది. ఈ విద్యలో పేరు తెచ్చుకున్న తెలుగువాడు ఒకడున్నాడు. భీమవరం దగ్గర గొరగనమూడిలో 1896లో పుట్టిన భూపతిరాజు లక్ష్మీనరసింహరాజు హిమాలయాలకు పోయి యోగి అయ్యాడు, స్వామి జ్ఞానానంద అన్న పేరుతో యూరప్ వెళ్లి భౌతికశాస్త్రంలో పడ్డాడు. ప్రాగ్‌లో ఎక్స్‌రే వర్ణపటాల మీద పనిచేసి 1936లో డాక్టరేటు తీసుకున్నాడు. శూన్యాన్ని ఎలా సాధించాలి, ఎలా కొలవాలి అన్న దాని మీద ఆయన రాసిన ‘హై వాక్యువా’ 1947లో అమెరికాలో అచ్చయింది. తర్వాత ఆంధ్ర విశ్వవిద్యాలయంలో అణుభౌతిక పరిశోధనకు పునాది వేశాడు. మన పాఠ్యపుస్తకాల్లో ఆయనకు దక్కాల్సిన చోటు దక్కలేదని నా అభిప్రాయం.

విచిత్రమేమిటంటే గాలి మరీ తక్కువైనా గొట్టం పనిచేయదు. ఆ మిగిలిన కాస్త గాలే కరెంటుకు దారి. వాడేకొద్దీ ఆ గాలి గాజులోకీ లోహంలోకీ ఇంకిపోయి గొట్టం ‘గట్టిపడేది’. కిరణాలు మరీ చొచ్చుకుపోయి కండకూ ఎముకకూ తేడా తెలిసేది కాదు. అప్పుడు పక్కన ఉన్న చిన్న పిలకను స్పిరిటు దీపంతో వెచ్చబెట్టి కొంచెం వాయువు లోపలికి వదిలేవారు. ఈ రోజు గొట్టం ఎలా ఉందో తెలుసుకోవడానికి అందరూ చేసింది ఒకటే. గొట్టానికీ ఆ బేరియం పూత తెరకూ మధ్య సొంత చెయ్యి పెట్టి చూసుకోవడం. రోజూ, ప్రతి రోగికి ముందూ. ముందు చర్మం ఎర్రబడింది, తర్వాత పుండ్లు, తర్వాత వేళ్లు పోయాయి. ఎడిసన్ దగ్గర పనిచేసిన క్లారెన్స్ డాలీ 1904లో చనిపోయాడు. ఎడిసన్ ఆ తర్వాత ఎక్స్‌రే జోలికి పోలేదు. ఇలా ప్రాణాలు పోగొట్టుకున్న 169 మంది పేర్లతో 1936లో హాంబుర్గ్‌లో స్మారకం నిలబెట్టారు.

ఇంత సరంజామాకు కరెంటు ఎక్కడిది? మన అడవి అంచుకు వస్తే అసలు ప్రశ్న ఇదే. భద్రాచలం తాలూకా 1874 నుంచి మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది, ఖమ్మం నిజాం కింద ఉండేది. మద్రాసు జనరల్ ఆసుపత్రిలో బర్నార్డ్ రేడియాలజీ సంస్థ 1934లో వచ్చింది కానీ, భద్రాచలం దగ్గర గోదావరి మీద వంతెన పడింది 1965లో. తాటిచెట్టు మీంచి పడ్డవాడినీ, ఎలుగు చీల్చినవాడినీ పడవలో దాటించే రోజుల్లో అంత దూరపు ఎక్స్‌రే మాటెందుకు? ఊళ్లో కట్టు కట్టేవాడి వేళ్లే ఎక్స్‌రే.

అయినా తీగలు రాని చోట ఈ యంత్రాన్ని నడపడం అప్పటికే తెలిసిన విద్య. 1898లో సూడాన్ యుద్ధానికి వెళ్లిన మేజర్ బాటర్స్‌బీ నైలు ఒడ్డున అబాదియేలో ఇద్దరు తొక్కే సైకిలుకు డైనమో బిగించి బ్యాటరీలు నింపాడు. సైనికుల ఒంట్లో తూటాలు ఎక్కడున్నాయో ఆ కరెంటుతోనే వెతికాడు. ఆయనను ఎక్కువ వేధించింది ఎండ. కాయిల్ పెట్టెలకు మందపాటి ఫెల్టు చుట్టి, దాన్ని తడుపుతూ కూర్చోవాల్సి వచ్చింది. పాల్వంచ, కొత్తగూడెం మే నెలను ఎరిగినవాళ్లకు ఇది వేరే చెప్పక్కర్లేదు. ఎండలో పెట్టిన పెట్టె లోపల మైనం మెత్తబడితే సెకండరీ పని అయిపోయినట్టే. అలాంటి ఎండలో ఫోటో ప్లేటు కడిగే నీళ్లు కూడా శత్రువే. వెచ్చని నీళ్లలో ప్లేటు మీది జెలటిన్ ఉబ్బి ఊడివస్తుంది, అందుకే వేడి దేశాల్లో కడగడం రాత్రి చల్లబడ్డాక పెట్టుకునేవారు.

1913లో జనరల్ ఎలక్ట్రిక్‌లో విలియం కూలిడ్జ్ కాగే టంగ్‌స్టన్ తీగతో గొట్టం చేశాక మిగిలిన గాలి మీద ఆధారపడే బాధ తప్పింది. తీగ వేడిని బట్టి కరెంటు, వోల్టేజీని బట్టి చొచ్చుకుపోయే శక్తి. రెంటినీ విడివిడిగా తిప్పుకోవచ్చు. చెయ్యి పెట్టి చూసుకునే పనే లేదు. ఆ ఒక్క కారణానికే కూలిడ్జ్‌కు ఎంత రుణపడినా తక్కువే. ఇప్పుడు టీబీ శిబిరాలకు చేతిలో పట్టుకెళ్లే ఎక్స్‌రే యంత్రాల్లో ఉన్నదీ ఆ కాగే తీగ గొట్టమే. బ్యాటరీ మీద నడుస్తాయి, ఫిల్ము బదులు డిజిటల్ పలక ఉంటుంది. చర్ల వైపు గూడేల్లాంటి చోట్లకు ఇంతకంటే తగిన యంత్రం లేదు.

అయితే దానికి తెరిచి చూసే మూత లేదు. చెడితే కంపెనీ ఇంజనీరు వచ్చేదాకా ఆగాల్సిందే. అందుకే పాత కాయిల్‌ను మన ఐటీఐల్లో పాఠంగా పెట్టాలంటాను. బిళ్లల వైండింగు, మైనం పోత, కండెన్సరు పేర్పు నేర్చినవాడికి ఏ హై వోల్టేజీ పెట్టె అయినా కొంత దారిలోకి వస్తుంది. వైండింగ్ షాపులో చేయి తిరిగిన మేస్త్రీని పిలిచి చెప్పిస్తే ఇంకా మేలు. పాఠం రవ్వ దగ్గరే ఆపాలి, అదీ దూరంగా నిలబడి. పాత గాజు గొట్టం దొరికిందని ఉత్సాహపడి కాయిల్‌కు తగిలిస్తే 1896లో వచ్చినట్టే ఇప్పుడూ కిరణాలు వస్తాయి, దానికి సీసం కవచం ఉండదు. పైగా అణుశక్తి నియంత్రణ మండలి అనుమతి లేకుండా ఎక్స్‌రే పుట్టించడం నేరం.