ఉబ్బని కండెన్సర్

టీవీ స్విచ్ వేస్తే ఎర్ర లైటు వెలుగుతుంది. రిమోట్ నొక్కితే ఆ లైటు మిణుకుమిణుకుమంటుందే గానీ బొమ్మ రాదు. నాలుగైదు సార్లు ఆపి వేశాక, కాస్త వేడెక్కాక, ఏమీ జరగనట్టే నడుస్తుంది. మర్నాడు పొద్దున మళ్ళీ అదే మొరాయింపు. ఈ లక్షణాలు వింటే చాలు, చెయ్యి తిరిగిన మెకానిక్ మూత విప్పకముందే పవర్ సప్లైలో కండెన్సర్ ఎండిపోయిందని అనుమానిస్తాడు. ఎక్కువసార్లు అదే నిజమవుతుంది. బోర్డు మొత్తం మారిస్తే వేలు, కండెన్సర్ ఒక్కటే మారిస్తే పదులు. ఆ వేలకూ ఈ పదులకూ మధ్య ఉన్నది ఒక మనిషి ఏళ్ళ తరబడి నేర్చిన విద్య.

పుస్తకాల్లో కెపాసిటర్ అని రాసేదాన్నే షాపుల్లో కండెన్సర్ అంటారు. వీటిలో తొందరగా చెడిపోయేది ఎలక్ట్రోలైటిక్ రకం. రెండు అల్యూమినియం రేకులు, మధ్యలో రసాయన ద్రవంలో తడిపిన కాగితం, అన్నీ కలిపి చుట్టచుట్టి చిన్న డబ్బాలో కూర్చి కింద రబ్బరు బిరడా బిగిస్తారు. దీని పని ఇంటి మీది నీళ్ళ ట్యాంకు పని. మోటారు ఆగి ఆగి తోసినా కుళాయిలో ధార ఒకే తీరుగా రావాలి. లోపలి ద్రవం ఆరిపోతున్నకొద్దీ ట్యాంకు కొంచెం చిన్నదవుతుంది. దానికన్నా పెద్ద చిక్కు, ట్యాంకు నిండుగా ఉన్నా గొట్టంలో సున్నం పేరుకుపోతుంది. ఆ లోపలి అడ్డంకినే ఈఎస్ఆర్ అంటారు.

ద్రవాన్ని ఆరబెట్టేది వేడి. డబ్బా మీద 105 డిగ్రీలు అని ఉంటుంది, కంపెనీ పట్టికలో దాని ఆయువు 2,000 గంటలని ఉంటుంది. వేడి 10 డిగ్రీలు తగ్గితే ఆయువు ఇంచుమించు రెట్టింపవుతుందని లెక్క. అంటే 65 డిగ్రీల దగ్గర 32,000 గంటలు. రాత్రింబవళ్ళు నడిస్తే నాలుగేళ్ళు కూడా రాదు. రెంటచింతల ఎండల్లో, గాలాడని టీవీ బీరువాలో, ఎప్పుడూ ఆపని సెట్‌టాప్ బాక్సు సంగతి ఇక వేరే చెప్పక్కర్లేదు. అందుకే మెకానిక్ చూపు ముందుగా హీట్ సింకు పక్కన ఇరుక్కున్న కండెన్సర్ల మీదికే పోతుంది.

చెడిపోయినదాన్ని కనిపెట్టడం ఒక్కో తరం ఒక్కోలా నేర్చుకుంది. వాల్వు రేడియోల కాలంవాళ్ళు చెవితో పట్టేవారు. పాట వెనకాల గుయ్‌మని హమ్ వినబడితే ఫిల్టర్ కండెన్సర్ పోయినట్టే. ఆ తర్వాతి తరం కంటిని నమ్ముకుంది, దానికి కారణముంది. 2000 తర్వాత కొన్నేళ్ళపాటు ప్రపంచమంతటా కంప్యూటర్ మదర్‌బోర్డుల మీద కండెన్సర్లు వరసగా ఉబ్బి పగిలాయి. తైవాన్‌లో తయారైన కొన్ని ఎలక్ట్రోలైట్లలో పాళ్ళు కుదరక లోపల హైడ్రోజన్ వాయువు పుట్టడమే మూలం. 2005లో డెల్ కంపెనీ ఇలాంటి బోర్డుల కోసం ఏకంగా 30 కోట్ల డాలర్లు ఖర్చు రాసుకుంది. డబ్బా తలమీద ప్లస్ గుర్తులాగానో కె అక్షరంలాగానో గాట్లు ఉండేది ఇందుకే. ఒత్తిడి పెరిగితే అక్కడ చీలి వాయువు బయటికి పోతుంది. అలా ఉబ్బిన డబ్బాలు చూసి చూసి, ఉబ్బితేనే పోయినట్టు అన్న నమ్మకం బలపడింది.

నన్నడిగితే ఈ పనిలో ఎక్కువమందిని తప్పుదారి పట్టించేది ఆ నమ్మకమే. పవర్ సప్లైని మేల్కొలిపే చిప్ పక్కన 47 మైక్రోఫారడ్లు, 50 వోల్టుల బుల్లి కండెన్సర్ ఒకటి ఉంటుంది. అంత చిన్నవాటికి చాలావరకు గాట్లే ఉండవు. కొత్తదానిలా నిటారుగా నిలబడి ఉంటుంది, లోపల మాత్రం పూర్తిగా ఎండిపోయి ఉంటుంది. చలికి మొరాయించి వేడెక్కాక నడిచే సెట్లలో దోషి తరచుగా ఇదే. తిరగేసి చెప్పాలంటే, పెద్ద కండెన్సర్ల అడుగున గోధుమరంగు ముద్ద కనిపిస్తే కొత్తవాళ్ళు కారిపోయిందని పీకేస్తారు. అది ఫ్యాక్టరీలో పెట్టిన జిగురు. అయితే ఏళ్ళ వేడికి నల్లబడితే ఆ జిగురే కరెంటును దాటనిస్తుంది, కాబట్టి దాన్ని గీకేయాల్సిందే. నిజంగా కారినదాన్ని సోల్డరింగ్ ఐరన్ తగిలించినప్పుడు ముక్కు కూడా పసిగడుతుంది. కొన్ని పాత ఎలక్ట్రోలైట్లు చేపల వాసన వేస్తాయి.

మల్టీమీటర్ చెప్పేది కూడా సగం నిజమే. 1,000 మైక్రోఫారడ్ల కండెన్సర్ చెడిపోయినా విలువ దానికి దగ్గరగానే చూపిస్తుంది. దానికే ఈఎస్ఆర్ మీటర్ పెడితే ఓమ్‌లో పదో వంతు లోపు ఉండాల్సింది నాలుగైదు ఓమ్‌లు చూపిస్తుంది. ఆ మీటర్ చాలా తక్కువ వోల్టేజితో కొలుస్తుంది కనుక పక్కనున్న డయోడ్లు అడ్డురావు, చాలాసార్లు బోర్డు నుంచి పీకకుండానే చూడొచ్చు. మీటర్ లేనివాళ్ళు హెయిర్ డ్రైయర్‌తో అనుమానమున్న చోట వెచ్చచేసి సెట్ లేస్తుందేమో చూస్తారు. మంచి కండెన్సర్‌ను ప్యారలల్‌గా తగిలించి చూడటం ఇంకో పద్ధతి.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. 230 వోల్టుల ఏసీ రెక్టిఫై అయితే దాదాపు 325 వోల్టుల డీసీ. కరెంటు లోపలికొచ్చే ప్రైమరీ వైపు పెద్ద కండెన్సర్‌లో అది నిలవుంటుంది. నడిచే బోర్డులో కంటే చచ్చిన బోర్డులో ఇంకా ఎక్కువసేపు ఉంటుంది, ఎందుకంటే దాన్ని వాడుకునేవాళ్ళు లేరు. స్క్రూడ్రైవర్‌తో షార్ట్ చేసి టప్పుమనిపించడం ధైర్యం కాదు, ట్రాక్ ఎగిరిపోతుంది, కన్ను పోవచ్చు. ప్లగ్ పీకాక హోల్డర్‌లో పెట్టిన మామూలు ఫిలమెంట్ బల్బు వైర్లు దాని కాళ్ళకు ఆనించాలి, తర్వాత మీటర్‌తో సున్నా చూసుకోవాలి.

కొత్తది ఎంచడంలోనూ ఓర్పు కావాలి. మైక్రోఫారడ్లు అవే ఉండాలి. వోల్టేజి అంతే లేదా కొంచెం ఎక్కువ, ఎప్పుడూ తక్కువ కాదు. 105 డిగ్రీల రకం, తక్కువ ఈఎస్ఆర్ ఉన్నది, ఆ జాగాలో పట్టేది. హైదరాబాద్ కోఠిలో గుజరాతీ గల్లీకి వెళ్తే ఏ విలువైనా దొరుకుతుంది. అనుభవజ్ఞులు అక్కడ నిచికాన్, రుబీకాన్ అని పేరు పెట్టి అడుగుతారు, చేతిలోకి తీసుకుని బరువు చూస్తారు. పెద్ద డబ్బాలో చిన్నది దాచిన నకిలీలు తేలిగ్గా ఉంటాయి.

పాతది తీయడంలో అసలు నేర్పు తొందరపడకపోవడమే. ఇప్పటి బోర్డుల మీది సీసం లేని సోల్డర్ 217 డిగ్రీలు దాటితే గానీ కరగదు. అందుకని ముందు 183 డిగ్రీలకే కరిగే పాత రకం కొంచెం కలిపి, ఒక్కో కాలినీ మార్చి మార్చి వేడిచేస్తూ మెల్లగా ఊపుతూ లాగాలి. బలంగా లాగితే చిల్లులోని రాగి కూడా ఊడొస్తుంది. డబ్బా మీది చార మైనస్ వైపు. బోర్డు మీద రంగు పూసిన సగం సాధారణంగా మైనస్సే, కానీ కొన్ని బోర్డుల్లో అది ప్లస్. పీకేముందే ఫోటో తీసి పెట్టుకోవాలి. బిగించాక నేరుగా కరెంటు ఇవ్వకుండా సిరీస్ బల్బు మీద పెడతారు. 100 వాట్ల బల్బు ఒక్కసారి వెలిగి మందగిస్తే క్షేమం. వెలుగుతూనే ఉంటే ఇంకెక్కడో షార్ట్ ఉంది.

ఫోన్లలో ఆవగింజంత సిరామిక్ కండెన్సర్లు వచ్చాక ఈ విద్య రూపు మార్చుకుంది, ఆగిపోలేదు. అవి ఎండవు, షార్ట్ అవుతాయి. ఆబిడ్స్ జగదీష్ మార్కెట్‌లో ఫోన్లు బాగుచేసే కుర్రాళ్ళు రోజిన్ పొగ పట్టించి బోర్డును తెల్లగా చేసి, ఒక వోల్టు చుట్టుపక్కల కరెంటు ఎక్కిస్తారు. వేడెక్కిన కండెన్సర్ మీద ఆ తెల్లదనం కరిగిపోయి దొంగ దొరుకుతుంది.

2022 డిసెంబరులో కేంద్ర ప్రభుత్వం రిపేరు హక్కు కోసం పోర్టల్ తెరిచింది. మంచి పనే. కానీ మెకానిక్‌కు కావలసింది సర్క్యూట్ డయాగ్రమ్. ఈనాటి చాలా బోర్డుల మీద సీ1, సీ2 అనే వరస నంబర్లే తప్ప విలువలు ముద్రించరు. కాలిపోయిన కండెన్సర్ తొడుగు మీద ఏముందో చదవలేకపోతే, అదే మోడల్ చచ్చిన బోర్డు ఇంకోటి వెతికి అందులో చూసుకోవాలి. రిపేరు షాపుల అటకల మీద పాత బోర్డుల గుట్టలు ఉండేది అందుకే. కంపెనీలు ఆ ఒక్క కాగితం ఇచ్చే రోజు వరకు వాటిని పాత సామాన్లకు వేయొద్దని పని నేర్చుకునే కుర్రాళ్ళకు చెప్పండి.