బొమ్మను చదవని సమీక్ష

కొత్త సూపర్ హీరో కామిక్ రాగానే దాని మీద అభిప్రాయాలు మొదలవుతాయి. హీరో ఎలా గెలిచాడు, విలన్ ఎంత బలవంతుడు, వచ్చే సంచికలో ఏమవుతుంది అన్న చర్చే అందులో ముప్పాతిక. బొమ్మలకు మాత్రం "బాగున్నాయి" అని ఒక్క మాట. నా దృష్టిలో కామిక్ విమర్శ మొదలుకావలసింది ఆ మాట దగ్గరే. ఈ కథలు మనకు ముందే తెలుసు. స్టాన్ లీ, స్టీవ్ డిట్కో 1962లో సృష్టించిన స్పైడర్‌మ్యాన్‌ని సాలీడు కుట్టడం, పెంచిన పెద్దాయన హత్యకు గురికావడం ఎన్నిసార్లు మళ్లీ గీయలేదు! తెలిసిన కథను మళ్లీ చదివిస్తున్నది పేజీ కూర్పే. లేపాక్షి వీరభద్రాలయం మంటపం కప్పు చూస్తే సంగతి తేటపడుతుంది. 16వ శతాబ్దపు చిత్రకారులు అక్కడ కిరాతార్జునీయాన్ని పట్టీలుగా గీశారు. అర్జునుడి తపస్సు, అడవిపంది, దానికోసం శివుడితో తగవు, అన్నీ వరసగా సాగుతాయి. అదే అర్జునుడు మళ్లీ మళ్లీ కనిపిస్తాడు. ముగింపు తెలియని వాళ్లు ఆ రోజుల్లోనూ తక్కువే. అయినా ఆమడగూరు నుంచి, పెనుకొండ నుంచి వెళ్లినవాళ్లు ఈనాటికీ మెడ పైకెత్తి నిలబడిపోతారు.

పిల్లలకు కథే కావాలి కదా, పైగా ఒక్క సంచిక చూసి తీర్పేమిటి అని అడగవచ్చు. కథ కావాలి, నిజమే. 1954లో చందమామలో మొదలైన దాసరి సుబ్రహ్మణ్యం 'తోకచుక్క' కామిక్ కాదు గాని, నెలనెలా వచ్చిన సాహస సీరియలే. ఏ నెల భాగాన్ని ఆ నెలే ఆస్వాదించారు పాఠకులు. అందులో 'చిత్ర' గీసిన బొమ్మల వాటా చిన్నది కాదు. హీరో గతేమిటో ఒక్క సంచికతో తేల్చలేం. కన్ను ఎక్కడ తడబడిందో, పోరాటంలో ఎవరు ఎటు దూకారో అర్థమైందో లేదో చెప్పగలం. తెలుగులో కామిక్స్ వచ్చేదే తక్కువ, విమర్శించి నిరుత్సాహపరచవద్దన్న మాట మంచి మనసుతో అన్నదే. కాని ఉత్త మెప్పుతో చిత్రకారుడికి తెలిసేదేముంది? అనువాద కామిక్స్ సంగతే చూడండి. ఇంగ్లీషు అక్షరాల కొలతకు గీసిన మాటల బుడగలో మన గుణింతాలు, ఒత్తులు ఇరుక్కుంటాయి. పై వరస ఒత్తు కింది వరస గుడిని తాకుతుంది. చదివే పిల్లవాడు అక్కడే ఆగిపోతాడు. ఈ లోపాన్ని ఎత్తిచూపితే ప్రచురణకర్త దిద్దుకోగలడు. సమీక్ష రాసేవారికి నా విన్నపం: రచయితతో పాటు బొమ్మలు గీసినవారి పేరు, అక్షరాలు కూర్చినవారి పేరు కూడా రాయండి. ఒక్క పేజీనైనా తీసుకుని, అది ఎలా నడిచిందో చెప్పండి.